ఎడమ గేటు

ఆ వేసవిలో మా నాన్న నన్నొక మనిషి చేతుల మీద కన్నేసి ఉంచమన్నాడు. "మొహం చూస్తే నీకేం తెలీదు. చేతులు చూడు," అన్నాడు. అమ్మకి వినపడకూడదని, నా బూటు లేసు సరిచేస్తున్నట్టు వంగి మరీ చెప్పాడు. పదిహేడేళ్ళ పిల్లకి తండ్రి బూటు లేసు కడుతున్నాడంటేనే అమ్మ ఏదో ఉందని కనిపెట్టేసి ఉంటుంది. ఆవిడ బస్సు డిపోలో టైమ్‌కీపర్. టైరు పంక్చరయిందని, గేదెలు అడ్డొచ్చాయని డ్రైవర్లు చెప్పే సాకులు విని విని, ఎదుటివాళ్ళు నోరు తెరవకముందే నమ్మడం మానేసే అలవాటు చేసుకుంది.

నేను సరస్సు ఒడ్డున మా క్లబ్బులో, నలుగురు అమ్మాయిలు తెడ్లు వేసే పడవకి కాక్స్‌ని. అంటే తెడ్డు ముట్టుకునేదాన్ని కాదు. పడవ కొసన ఇరుక్కుని కూర్చుని, చుక్కాని తాళ్ళు పట్టుకుని, వాళ్ళు వీపు తిప్పుకుని వెళ్ళే దారిని వాళ్ళ బదులు నేను చూస్తూ, లయ తప్పకుండా అరుస్తూ ఉండేదాన్ని. కోచ్ మా నాన్నే. ఒంటరి పడవలో ఒకప్పుడు దేశానికే ఛాంపియన్. క్లబ్బులో అడుగుపెట్టగానే ఎదురయ్యేది ఆయన ఫోటో. పన్నెండేళ్ళుగా ఆయన తయారుచేసిన పిల్లలు ఎక్కడెక్కడో గెలిచి వచ్చారు. ఆ ఏడాది మా పడవ మీద ఆయనకి పెద్ద ఆశ. పోటీలు ఆరు వారాల్లో ఉన్నాయి.

కన్నేసి ఉంచాల్సిన మనిషి కొత్తగా వచ్చిన పడవల మేస్త్రి. పాత మేస్త్రి మోకాళ్ళు పోయి మానేస్తే క్లబ్బు సెక్రటరీ ఈయన్ని తీసుకున్నాడు. ఇరవై ఒక్క ఏళ్ళ కిందట నాన్న ఛాంపియన్ అయింది ఈయన మీద గెలిచేనని, తీసుకున్నాక గానీ ఎవరికీ గుర్తు రాలేదు. ఆ ఫైనల్ సంగతి మా క్లబ్బులో అందరికీ కంఠతా వచ్చు. తెడ్డును పడవకి పట్టి ఉంచే కొక్కెం మీద ఒక చిన్న అడ్డకడ్డీ ఉంటుంది. దాన్ని మేం గేటు అంటాం. గేటు మర బిగిసి ఉన్నంతవరకే తెడ్డు నిలుస్తుంది. ఆ రోజు మేస్త్రి ఒక పడవ పొడవు ముందున్నాడు, ఇంకో మూడొందల మీటర్లే ఉంది. ఎడమ గేటు ఊడింది. తెడ్డు లేచిపోయి, పడవ తిరగబడి, మనిషి నీళ్ళలో పడ్డాడు. నాన్న ఆయన్ని దాటుకుని వెళ్ళి గెలిచాడు. తన గేటు తాను బిగించుకోని అజాగ్రత్త మనిషని పేపర్లు రాశాయి. ఆ తర్వాత ఆయన మళ్ళీ పోటీల్లో కనపడలేదట.

"ఇన్నేళ్ళకి ఇక్కడికే ఎందుకొచ్చాడు?" అన్నాడు నాన్న. "పడవలన్నీ వాడి చేతుల్లో ఉంటాయి. ఏ మర ఎటు తిప్పినా మనకి తెలీదు."

నాకూ అనుమానం పట్టుకుంది. అనుమానం తుమ్ములాంటిది, ఒకరికొస్తే పక్కవాళ్ళకీ ముక్కు దురద పెడుతుంది. రోజూ పొద్దున్నే అందరికంటే ముందు షెడ్డుకి వెళ్ళి, తాళ్ళు సరిచేసుకునే మిషతో ఆయన చేతులు చూసేదాన్ని. పొట్టి వేళ్ళు, గోళ్ళ చుట్టూ నల్లగా గ్రీజు. ఆ చేతులు ప్రతి గేటునీ బిగించేవి. పడవ చుట్టూ తిరిగొచ్చి మళ్ళీ పట్టి చూసేవి. మేం పడవను భుజానికెత్తుకోబోతుంటే "ఒక్క నిమిషం అమ్మా" అని ఆపి మూడోసారి చూసేవి. షెడ్డు తలుపు తాళం కూడా మూడుసార్లు లాగి చూసేవాడు. అమ్మాయిలు ఆయనకి మూడుసార్ల మావయ్య అని పేరు పెట్టారు. ఆయనా ఆ పేరుకి పలికేవాడు.

ఇదంతా ఇంటికొచ్చి నాన్నకి చెప్పేదాన్ని. ఆయన లెక్కలో ఒకసారి చూస్తే అజాగ్రత్త, మూడుసార్లు చూస్తే కుట్ర. "ఏమీ చెయ్యనివాడికి అన్నిసార్లు ముట్టుకునే పనేంటి?" అనేవాడు. ఇంకోవైపు మేస్త్రి నాన్నతో ఎంతో మర్యాదగా ఉండేవాడు. ఒకే ఈడువాళ్ళయినా "కోచ్ గారూ, మీరు" అనే పిలిచేవాడు. ఆ మర్యాద కూడా నాన్నకి ముల్లులా గుచ్చుకునేది.

రెండో వారంలో అమ్మ గోళ్ళ రంగు సీసా కనపడకుండా పోయింది. ఎర్రది, ఏ పెళ్ళికో తప్ప వాడేది కాదు. నన్నడిగింది, నేను తియ్యలేదన్నాను. నాన్నని అడిగింది. నాకెందుకు అన్నాడు. మర్నాడు ఉతకడానికి తీసిన ఆయన చొక్కా చేతి మడతలో ఎర్ర మరక కనపడింది. అమ్మ దాన్ని కిటికీ దగ్గర వెలుతురులో తిప్పి తిప్పి చూసి, "ఈ వయసులో ఎవరి గోళ్ళు రంగేస్తున్నారు మీరు?" అంది. నవ్వుతూ అనలేదు. నాన్న తడబడి, పడవల మీద నంబర్లు వేస్తున్నామని అబద్ధమాడాడు. నాకు మాత్రం సంగతి తెలుసు. గేట్ల మరల మీద, మరకీ కడ్డీకీ కలిసేలా, చిన్న చిన్న ఎర్ర చుక్కలు పెట్టాడు. ఎవరైనా మర తిప్పితే చుక్క రెండు ముక్కలవుతుంది. ఇంట్లో ఆవిడ ఆయన్ని అనుమానిస్తుంటే, క్లబ్బులో ఆయన మేస్త్రిని అనుమానిస్తుంటే, మధ్యలో నేను కబుర్లు మోస్తున్నాను.

మూడో వారం, ఒక సాయంత్రం ప్రాక్టీసయ్యాక మేస్త్రి నన్ను పిలిచి అరచేతిలో ఒక వాషర్ పెట్టాడు. అంచు చుట్టూ అరిగి, ఒకచోట కాగితంలా పల్చబడింది. "రెండో సీటు గేటుది. చూడమ్మా, ఎంత తినేసిందో. పొద్దున్నే కొత్తది వేసేస్తా," అన్నాడు. నేను దాన్ని చూశాను, చేత్తో తడిమాను, తిరిగిచ్చేశాను. నాన్నకి చెబుదామనుకున్నాను. ఆ సాయంత్రం అమ్మా నాన్నా మళ్ళీ మాటామాటా అనుకోవడంలో మర్చిపోయాను.

పొద్దున్నే నాన్న గేట్లు చూసుకుంటూ వచ్చి రెండో సీటు దగ్గర ఆగిపోయాడు. చుక్క చీలిపోయి ఉంది. ప్రాక్టీసు ఆపించాడు. నలుగురమ్మాయిల ముందే మేస్త్రిని నిలదీశాడు. ఆయన ఉన్నదే చెప్పాడు. వాషర్ అరిగింది, మార్చాను, పాతది పారేశాను అన్నాడు. పారేశాడన్న మాటే నాన్నకి దొరికింది. అందరం సెక్రటరీ గదిలోకి వెళ్ళాం.

సెక్రటరీ చెడ్డవాడు కాదు గానీ గోడమీద పిల్లి. ఛాంపియన్ని నొప్పించలేడు, ఆధారం లేకుండా మేస్త్రిని పనిలోంచి తీసెయ్యలేడు. ఏ ఆధారముందని అడిగితే, మా అమ్మాయి రోజూ చూస్తోందని నాన్న నన్ను ముందుకి నెట్టాడు. మేస్త్రి మర తిప్పడం చూశావా అని సెక్రటరీ అడిగాడు. చూశానన్నాను. అది నిజమే.

"ఎందుకు తిప్పాడో తెలుసా?"

నాన్న నావైపు చూడలేదు. ఆయన చూసి ఉంటే వేరేగా చెప్పేదాన్నేమో అని చాలా కాలం నాకు నేను చెప్పుకున్నాను. మేస్త్రి మాత్రం చూశాడు, ధైర్యంగా, ఈ పిల్లకి తెలుసు కదా అన్నట్టు.

"తెలీదు," అన్నాను.

పోటీలయ్యేదాకా మేస్త్రిని పనికి రావద్దన్నారు. ఆయన షెడ్డు తాళాలు బల్లమీద పెట్టి వెళ్ళిపోయాడు. కళ్ళజోడు మర్చిపోయి వెళ్ళాడు.

నాలుగు రోజులు ఆ కళ్ళజోడు నా సంచిలో తిరిగింది. ఐదో రోజు తీసుకెళ్ళి ఇచ్చాను. ఆయన ఇల్లు మంగలి షాపు మీద, నిటారుగా ఉన్న పద్దెనిమిది మెట్లెక్కితే రెండు గదులు. తలుపు తీసింది ఆయన భార్య. ఆస్పత్రి లాండ్రీలో పని చేస్తుందట, చేతులు నీళ్ళలో నాని తెల్లగా ఉన్నాయి. నేనెవరో తెలిసినా లోపలికి రమ్మంది. అక్కడ కూర్చుని, ఎలా మొదలుపెట్టాలో తెలీక, వాషర్ సంగతి ఎందుకు చెప్పలేదో నాకే తెలీదన్నాను. మేస్త్రి కళ్ళజోడు తుడుచుకుంటూ విన్నాడు.

"మీ నాన్నని తప్పు పట్టలేంలే అమ్మా," అన్నాడు. "నా గేటు నేనే బిగించుకోని మనిషిని. అలాంటివాడి చేతికి పిల్లల పడవ ఇవ్వాలంటే ఎవరికైనా భయమే."

అప్పుడు చెప్పాడు ఆ ఫైనల్ సంగతి. పొద్దున లారీలోంచి పడవ దించి, స్టాండ్ల మీద పెట్టి, తెడ్లు అమర్చాడు. కుడి గేటు బిగించడం గుర్తుంది. ఎడమది బిగించాడో లేదో గుర్తులేదు. ఇరవై ఒక్క ఏళ్ళుగా ఆ పొద్దుటిని తలుచుకుంటూనే ఉన్నాడు. ఒక్కోసారి బిగించినట్టే ఉంటుంది, ఒక్కోసారి అసలు చెయ్యే వెయ్యలేదనిపిస్తుంది. అదొక్కటి తెలిస్తే చాలన్నాడు.

భార్య మధ్యలో అందుకుంది. "గ్యాసు కట్టానా, తలుపేశానా అని లేస్తూనే ఉంటాడు. మా పిల్ల పుట్టినప్పుడు ఏడాది నిండేదాకా ఎత్తుకుని ఆ మెట్లు దిగలేదు. నా చేతుల్ని నమ్మలేను అనేవాడు. బాలింతని, నేనే ఎత్తుకుని దిగేదాన్ని, ఎక్కేదాన్ని."

మేస్త్రి ఆవిణ్ణి వద్దన్నట్టు చెయ్యూపాడు. మళ్ళీ నాతో అన్నాడు: "పోటీకి ముందు మీ నాన్న నా పడవ పక్కనే కూర్చున్నాడు, కాలికి పట్టీ కట్టుకుంటూ. నేను బరువు తూయించుకోడానికి వెళ్ళాను. ఆయనక్కూడా కనపడలేదంటే చూడు, పైకి తెలీని వదులే అయ్యుంటుంది. కనపడితే చెప్పేవాడు కదా."

ఆయన ఆ మాట ఏ ఉద్దేశమూ లేకుండానే అన్నాడు. నాకు మాత్రం నాన్న సంగతి తెలుసు. నాన్న పక్కవాడి గేటు చూడకుండా ఉండడు. చూడకుండా ఉండటం ఆయన స్వభావమే కాదు. ఏ పడవ దగ్గర నిలబడినా ముందు ఆయన కళ్ళు పోయేది గేట్ల మీదికే. మాకు నేర్పిన మొదటి పాఠం కూడా అదే.

ఇంటికొచ్చేసరికి అమ్మ వంటింటి గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నాన్న స్టాప్‌వాచీకి కొత్త తాడు కడుతున్నాడు. నేను నిలబడే అడిగాను.

"నాన్నా, ఆ రోజు ఆయన ఎడమ గేటు వదులుగా ఉండటం నువ్వు చూశావా?"

ఎవరు చెప్పారనో, ఏ రోజనో అడుగుతాడనుకున్నాను. ఆయన తాడు ముడి బిగించి, పళ్ళతో కొస కొరికాడు.

"చూశాను," అన్నాడు.

అమ్మ చేతులు ఆగాయి.

"నేను ముట్టుకోలేదు. నామీద ఒట్టు. చెబుదామనే లేచాను. ఈలోపు నా పేరు పిలిచారు."

అమ్మ తల ఎత్తకుండానే అడిగింది. "చూడ్డానికీ, పిలవడానికీ మధ్య ఎంతసేపు?"

నాన్న స్టాప్‌వాచీ వైపు చూశాడు. "పది నిమిషాలుంటుంది."

అమ్మ మిగిలిన కాయలు కూడా ఒలిచింది. ఒక్కటి వదల్లేదు. గిన్నె తీసుకుని లోపలికెళ్ళింది. ఆ రోజు నుంచి నాన్నతో మాట్లాడటం మానేసింది. అన్నం పెట్టేది, బట్టలు మడతపెట్టేది, మాట ఉండేది కాదు. వాళ్ళ పెళ్ళి ఆ గెలుపు తర్వాతే జరిగింది. ఆ గెలుపు చూసే తాతయ్య సంబంధం ఖాయం చేశాడు. ఆవిడ ఏం తిరగేసి చూసుకుంటోందో నేను ఊహించుకోగలను.

మర్నాడు నేను సెక్రటరీ దగ్గరికెళ్ళి, మేస్త్రి వాషర్ నా చేతిలో పెట్టి చూపించాడని, తెలిసే తెలీదన్నానని చెప్పాను. ఆయన, మీ నాన్నకి తెలుసా ఇలా వచ్చావని అన్నాడు. తెలీదన్నాను. ఈసారది నిజం. మేస్త్రిని మళ్ళీ పిలిపించారు. నాన్న నన్నేమీ అనలేదు. ఆయన వెళ్ళి మేస్త్రికి చెబుతాడా, చెప్పడా అని నేను ఆయన్నే కనిపెట్టుకుని ఉండేదాన్ని. ఇప్పుడు నా కన్ను ఆయన చేతుల మీద. రెండు రోజులు గడిచాయి. రోజూ ఏదో ఒక పని అడ్డొచ్చేది. నేను ఆశ వదులుకున్నాను.

మూడో రోజు, అమ్మాయిలంతా వెళ్ళిపోయాక, నాన్న షెడ్డులో మేస్త్రి ఎదురుగా బల్లమీద కూర్చున్నాడు. నన్ను ఉండమన్నాడు. ఒంటరిగా చెబితే ఏదో ఒకటి దాచేస్తానని భయపడ్డాడేమో. నువ్వు అటు వెళ్ళాక నీ ఎడమ గేటు చూశాను, మర పైకి లేచి ఉంది, చెప్పలేదు అన్నాడు. అంతకంటే అలంకారమేమీ చెయ్యలేదు.

మేస్త్రి చేతిలో ఇసుకకాగితం ఉంది. దాన్ని కింద పెట్టాడు.

"ఎంత లేచింది?"

"రెండు చుట్లు. గేటు వేసే ఉంది."

"వేసే ఉందా?"

"వేసే ఉంది. పొద్దున ప్రాక్టీసులో తెడ్డు కుదుపులకి మర తిరిగుంటుంది."

"అయితే నేను బిగించాను," అన్నాడు మేస్త్రి. మాతో అన్నట్టు లేదు. వేళ్ళతో గాల్లో మర తిప్పుతున్నట్టు తిప్పి చూసుకున్నాడు. ఆయన కొడతాడేమో, ఏడుస్తాడేమో అని నేను ఎదురుచూశాను. ఆయన నాన్న వైపు తిరిగి, మొదటిసారి ఏకవచనంలో మాట్లాడాడు.

"నువ్వు మా ఇంటికొచ్చి ఇదే మాట మా ఆవిడకి చెప్పు."

ఆ సాయంత్రమే వెళ్ళాం. ఆవిడ మమ్మల్ని గడప దాటనివ్వలేదు. పై మెట్టు మీద నిలబడే నాన్న అంతా చెప్పాడు. ఆవిడ అడిగింది ఒక్కటే, అక్కడ ఎంతసేపు కూర్చున్నావని. నాన్న అరగంట అన్నాడు. నేను పక్కనుంచి ఆయన మొహం చూశాను. ఆవిడ "మా పిల్లకి ఇరవై నిండాయి. ఇప్పుడు ఎత్తుకోమంటే ఎత్తుకోగలడా?" అంది. కోపంగా కూడా అనలేదు. తలుపు మెల్లిగా వేసుకుంది. 

ఇంట్లో అమ్మ నన్నే అడిగింది, అక్కడ ఎంతసేపన్నారని. అరగంట అన్నారని చెబితే తలూపింది. "పది నిమిషాలు లేటన్న బస్సు ఏనాడూ పది నిమిషాలకి రాలేదు," అని, నాన్న కూర్చున్న గదిలోకెళ్ళి, "రేపు పొద్దున కాఫీ తాగి వెళ్తారా, అక్కడే తాగుతారా?" అని అడిగింది. నాలుగు రోజుల తర్వాత ఆవిడ ఆయనతో అన్న మొదటి మాట అది. ఇక్కడే తాగుతానన్నాడు.

మేస్త్రి పనిలో ఉన్నాడు గానీ ఒక షరతు పెట్టాడు. పోటీ రోజు నాన్న ఒడ్డున ఉండకూడదు. తను గేట్లు చూసుకుంటుంటే ఆ నీడ తన మీద పడకూడదన్నాడు. సెక్రటరీకి తలా తోకా అర్థం కాలేదు. కోచ్ లేకుండా ఫైనలేమిటని గోల పెట్టాడు. నాన్న ఒప్పుకున్నాడు. ఆరు వారాలు తెల్లారకముందే లేచి మమ్మల్ని తయారుచేసిన మనిషి, మా ఫైనల్ జరుగుతున్నంతసేపూ పార్కింగులో మా వ్యాన్‌లో కూర్చుని లౌడ్‌స్పీకర్ విన్నాడు.

మేం రెండో స్థానంలో వచ్చాం. చివరి వంద మీటర్లలో పక్క పడవ మమ్మల్ని దాటుకుపోవడం నా కళ్ళతో చూశాను. మా అమ్మాయిలు ప్రాణం పెట్టి లాగారు, నేను గొంతు పోయేలా అరిచాను, అయినా చాలలేదు. ఒడ్డుకొచ్చాక నలుగురూ గడ్డిలో వెల్లకిలా పడ్డారు. ఎవరూ ఏడవలేదు, ఊపిరి లేదు ఏడవడానికి. మేస్త్రి పడవని తిరగేసి నీళ్ళు వంపి, గుడ్డతో చేతులు తుడుచుకుని పార్కింగు వైపు నడిచాడు. నేను వెనకే వెళ్ళాను. వాళ్ళిద్దర్నీ ఒకచోట వదలడానికి నాకింకా నమ్మకం లేదు.

వ్యాన్ కిటికీ దించి ఉంది. మేస్త్రి దాని పక్కన నిలబడ్డాడు. నాన్న వైపు కాకుండా నీళ్ళ వైపు చూస్తూ మాట్లాడాడు.

"రెండు. అరపడవ తేడా."

"విన్నాను," అన్నాడు నాన్న.

"మూడో సీటు అమ్మాయి ఆఖర్లో భుజం ఎత్తేస్తోంది. తెడ్డు లోతుకి దిగట్లేదు."

"ఎక్కడ్నుంచి?"

"ఆఖరి రెండొందల మీటర్ల నుంచి. అలిసినప్పుడే."

నాన్న తలూపాడు. "నాకూ అనుమానంగానే ఉంది. నెల రోజులుగా చూస్తున్నాను."

మేస్త్రి అప్పుడు ఆయన వైపు తిరిగాడు.

"మరి ఆ పిల్లకి చెప్పలేదేం?"

 మేస్త్రి జవాబు కోసం ఆగకుండా, పడవ లారీకెక్కించే పనుందని వెళ్ళిపోయాడు.  నాన్న తలుపు తీసుకుని దిగి, ఆ అమ్మాయి ఎక్కడుందని నన్నడిగి, నేను చూపించిన వైపు నడిచాడు.